గదబల నిలువురాళ్లు: ఒక ఛాయాచిత్ర సంచయము

లండనులోని ప్రాచ్య, ఆఫ్రికా విద్యాపీఠమున క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ (1909-1995) తీసిన ఛాయాచిత్రములు భద్రపరచబడి యున్నవి. అరకులోయకు ఆవలి కోరాపుట్ కొండలలో గదబలను, బొండోలను ఆయన రెండవ ప్రపంచ యుద్ధకాలమున దర్శించెను. చిత్రములతోపాటు, అవి పుట్టిన విధముకూడ పరిశీలింపదగినది.

హైమెన్‌డార్ఫ్ వియన్నావాడు. 1938లో ఆస్ట్రియాను జర్మనీ కలుపుకొనుటచే ఆయనది జర్మను పాస్‌పోర్టయ్యెను. మరుసటి ఏట యుద్ధము వచ్చునప్పటికి భారతదేశమున నుండుటచే శత్రుదేశీయుడుగా ఎంచబడెను. అయినను నిజాము రాజ్యమున పరిశోధనకు అనుమతి లభించెను. 1945లో వెలువడిన ఆయన నివేదికల సంపుటికి డబ్ల్యు. వి. గ్రిగ్‌సన్ అను ఆంగ్లేయాధికారి తొలిపలుకు వ్రాసెను. ఆయన గురువు హైనె-గెల్డెర్న్ ఆ కాలమున అమెరికాలో తలదాచుకొని యుండెను. సంధిపత్రములు లేని సహకార మిది! సభలలో కరచాలనము చేయు ప్రముఖుల పటములకంటె శాస్త్రచరిత్రకు ఇదియే ఎక్కువ పనికివచ్చును.

ఇక చిత్రముల విషయము. గదబలు మృతులకొరకు కొన్ని యేండ్లకొకసారి గోతర్ అను పెద్ద కర్మ చేయుదురు. మృతులకు ప్రతిగా ఎనుబోతులను నిలిపి, పరగ్రామపు వారికి అప్పగింతురు, రాళ్లు పాతుదురు. కెరంగు నారచీరల సొగసు చూచి ముచ్చటపడువాడు ఈ రాళ్లను గమనింపకయే పుట త్రిప్పును. హైమెన్‌డార్ఫ్ గమనించెను. 1943లో వ్యాసము వ్రాసి, ఆగ్నేయాసియానుండి వచ్చిన ఒక ప్రాచీన సంస్కృతికి వీనిని ముడిపెట్టెను. గురువుగారి సిద్ధాంతమే అది.

ఇక్కడనే చిక్కున్నది. రాతిని పాతుట ఎట్లో చిత్రము చూపగలదు, ఆ ఆచారము వయస్సును చెప్పజాలదు. ముండా భాషల మూలము ఆగ్నేయాసియా వైపున నున్నదను మాట నేటి భాషాశాస్త్రమును, జన్యుశాస్త్రమును బలపరచుచున్నవి. అంతవరకు గురుశిష్యుల ఊహ మంచిదే. కాని రాళ్లు భాషవెంట నడువలేదు. ద్రావిడభాష పలుకు బస్తరు మారియా గోండులుకూడ మృతులకు రాళ్లు నిలుపుదురు. ఈ సంగతి 1938లోనే ప్రచురించినవాడు పైన చెప్పిన గ్రిగ్‌సనే! గదబలలోనే గుతోబ్ పలుకువారు ముండా కుటుంబమువారు, మరికొందరి పలుకు ద్రావిడము. పేరొకటి, రాయొకటి, భాషలు రెండు. ఒక్క వలసతో ఇవన్నియు వివరింపబడవు.

అందుచేత సిద్ధాంతము వీగినను చిత్రములకు విలువ తగ్గదు, ఒకవిధముగా పెరిగినది. ఏ రాయి ఎవరికొరకు నిలిచినదో, ఎనుబోతు ఏ యూరికి పోయినదో చదువగలవారు లండనులో లేరు, ఆ కొండలలోనే యున్నారు. ఈ చిత్రముల ప్రతులు కోరాపుట్, అరకు ప్రాంతముల గదబ గ్రామములకు చేరి, పెద్దలు చెప్పు మాటలు ప్రతి పటము క్రిందను వారి భాషలోనే వ్రాయబడవలెను. ఇంతకాలము అటునుండి ఇటు చూచిన సహకారమునకు అది రెండవ సగము.