బుడుగు తల మీదుగా

‘బుడుగు’ పిల్లల పుస్తకమని మొదట ఎవరన్నారో గానీ, మా ఇంట్లో ఆ మాట నమ్మి దాన్ని నా చేతిలో పెట్టారు. నేనూ నమ్మాను. వేసవి సెలవులన్నీ అందులోని అల్లరి పిల్లాడు బుడుగులా జాటర్ ఢమాల్ అని అరుస్తూ ఇల్లు పీకి పందిరేశాను. నెరిసిన తలతో మళ్లీ తెరిస్తే, ఇది పెద్దవాళ్ల గుట్టు పెద్దవాళ్లకే విప్పి చెప్పే పుస్తకంలా ఉంది!

1950ల్లో ఇది వచ్చింది ఆంధ్రపత్రిక వీక్లీలో. వీక్లీ కొనేది పెద్దవాళ్లే కదా. రాసిన ముళ్లపూడి వెంకటరమణకి అప్పటికి పాతికేళ్లు, బొమ్మలేసిన బాపు ఆయనకన్నా చిన్న. రెండుజెళ్ల సీత కోసం తన బాబాయి పడే పాట్లు బుడుగు చూసింది చూసినట్టు చెప్పేస్తాడు. అదేమిటో వాడికి అక్కర్లేదు. అప్పట్లో నాకూ అక్కర్లేదు, వాడి పక్కన నించుని నవ్వానంతే. ఇప్పుడు వాడి తల మీదుగా వాడి అమ్మానాన్నల్ని, రాధనీ గోపాళాన్నీ చూస్తున్నాను. వీడు నిద్రపోయాక ఆ మొగుడూ పెళ్లాలు ఎంత నవ్వుకునేవారో!

రమణగారు తన కథ ‘కోతికొమ్మచ్చి’లో చెప్పుకున్నారు. చిన్నతనంలోనే తండ్రి పోతే, తల్లితో మద్రాసు చేరి నానా అవస్థలూ పడ్డారు. అది తెలిశాక బుడుగు ఇల్లు నాకు వేరేగా కనబడింది. ఆ ఇంట్లో నాన్న ఉన్నాడు, బామ్మ ఉంది, బాబాయి ఉన్నాడు, ప్రైవేటు మాస్టారిని పెట్టుకునే స్తోమతుంది. అంత అల్లరికి అంత అండ కావాలి మరి. తనకి దొరకని ఇంటిని ఆయన కాగితం మీద కట్టుకున్నారనిపిస్తుంది. (నా ఊహే లెండి. ఆయన వింటే దీని మీదా ఓ జోకేసేవారు.)

చదివితే పైకే చదవండి. వాడి మాటలు కంటికన్నా చెవికే బాగా అందుతాయి.

ఒకటి మాత్రం ఇప్పుడు గుచ్చుకుంది. పక్కింటి లావుపాటి పిన్నిగారు. అప్పుడు ఆ పిలుపుకే పొట్ట పట్టుకుని నవ్వాను, ఈసారి నవ్వు సగంలో ఆగింది. ఒళ్లే పేరైపోయింది పాపం ఆవిడకి. అయితే వాళ్లాయన సంగతి ఇంకా విడ్డూరం. ఫలానావారి భార్య అని ఆడవాళ్లని చెప్పుకునే రోజుల్లో, ఆ పెద్దమనిషి పుస్తకం పొడుగునా లావుపాటి పిన్నిగారి మొగుడే!