బాలే నృత్యమున ఆహార్యము: యోగమును రూఢియు

భరతుఁడు అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధములుగా విభజించి, వేషభూషాదులను ఆహార్యమునఁ జేర్చెను. ఐరోపాఖండమునఁ బెరిగిన బాలే నృత్యమున వాచికమునకుఁ జోటు లేదు. కావున నందు ఆహార్యమునకు భార మధికము. ఆ వేషములు మూఁడువందల యేండ్లలోఁ బలుమాఱులు మాఱినవి. ఈ మార్పులకు నృత్యప్రయోజనము కారణమా, లోకమునందలి వేడుక కారణమా యనునది విచార్యము.

శబ్దములు యౌగికములు, రూఢములు, యోగరూఢములు అని శాస్త్రమునఁ బ్రసిద్ధము. పాచకశబ్దమునకు అవయవార్థమే ఆధారము. గోశబ్దమునకు వాడుకయే ఆధారము. పంకజశబ్దమునకు రెండును ఆధారములు. బురదఁ బుట్టినదే యైనను, బురదఁ బుట్టిన దెల్లఁ బంకజము కాదు. వేషములనుగూడ నీ రీతిని విభజించి చూచినచో విషయము తేటపడును.

పదునెనిమిదవ శతాబ్దిపు పూర్వార్ధమునందలి వేషములు కేవలము రూఢములు. పారిస్ ఆపెరాలోని నర్తకి రాజసభలోని దొరసానివలె నడుమున కిరుప్రక్కలఁ జట్రములు కట్టిన వెడల్పుపావడను ధరించుచుండెను. పురుషుఁడు బిగిసి నిలుచు ‘టొన్నెలే’ యను కురుచపావడను, మొగమునకుఁ దొడుగును దాల్చుచుండెను. వీనిలో నొక్కటియు నంగవిన్యాసమునకుఁ దోడ్పడునది కాదు. సభామర్యాదయే వాని కాధారము. 1734లో మరీ సాలే లండను నగరమున ‘పిగ్మాలియన్’ నృత్యమునఁ జట్రమును విడిచి, పలుచని మల్లువస్త్రముతో, విరియఁబోసిన జుట్టుతో రంగమునకు వచ్చెను. 1760లో వెలువడిన లేఖలలో నొవేర్ మొగముతొడుగును, చట్రములను ఖండించెను. ఆయనది యౌగికపక్షము: అవయవములయు భావముయొక్కయు నవసరమునుండియే వేషము పుట్టవలయు ననుట.

1832 మార్చి 12న పారిస్‌లో ‘లా సిల్ఫీడ్’ ప్రదర్శింపఁబడెను. అందు వాయుకన్యగా మరీ టాలియోని ధరించిన తెల్లని వేషము యోగరూఢికి లక్ష్యము. బిగుతైన రవిక, తెఱచిన భుజములు, గంటవలె విప్పారిన పావడ ఆ నాఁటి పారిస్ స్త్రీలు విందులకు ధరించిన వస్త్రముల పోలికవే. వస్త్రపుఁ బలుచఁదనము, పిక్కలమీఁదికి జరిగిన పావడయంచు మాత్రము వ్రేళ్ల కొనలపై నిలుచు పాదమును జూపుటకై కలిగినవి.

ఆ పలుచని వస్త్రమే ప్రాణాపాయకరము నయ్యెను. 1862 నవంబరు 15న అభ్యాససమయమున ఎమ్మా లీవ్రీ పావడకు గ్యాసుదీపపు మంట సోఁకెను. ఆమె తీవ్రముగాఁ గాలి, 1863 జులైలో ఇరువదియేండ్ల ప్రాయముననే మరణించెను. నిప్పంటకుండ మందునీటఁ దడిపిన వస్త్రము లేకపోలేదు. అది బిరుసై వన్నె తగ్గునని యామె నిరాకరించి యుండెను. వేషవిచారము కేవలము శృంగారచర్చ యనువారు ఈ యుదంతమును మఱవరాదు.

పిమ్మటఁ బావడ మఱింత కురుచయయ్యెను. 1885లో పీటర్సుబర్గునకు వచ్చిన వర్జీనియా జుక్కి అచ్చటి యాచారమునకు విరుద్ధముగాఁ గురుచపావడనే పట్టుపట్టి ధరించెను. కాలక్రమమున అది నడుమునుండి చదునుగా నిలుచు ‘టూటూ’ యయ్యెను. లోకమునందలి స్త్రీ లెవ్వరును ధరింపని రూప మిది. పుట్టుక మఱవఁబడి, రంగమునందు మాత్రము చెల్లుబడి యగుచున్నది.

రూఢి శాసనముగా మాఱినచోఁ గలుగు ననర్థమునకు 1911 నాఁటి వృత్తాంతము సాక్ష్యము. ‘జిసెల్’ కృతియందు నిజిన్స్కీ, బెన్వా కల్పించిన వేషమున, కాళ్లకంటిన తొడుగుపై ఆచారసిద్ధమైన పొట్టిలాగు లేకుండ మరీయిన్స్కీ రంగమున నర్తించినందున, రాజకీయనాటకశాలనుండి తొలఁగింపఁబడెను. నేఁడు పురుషనర్తకు లట్టి తొడుగుతోనే సామాన్యముగా నర్తించుచున్నారు. ఒకనాఁటి యపరాధము మఱొకనాఁటి మర్యాద యైనది.

ఆ దినములలోనే ప్రవాహము ఎదురు తిరిగినది. 1910లో ‘షెహెరజాద్’ కొఱకు బాక్స్ట్ కల్పించిన ప్రాచ్యవేషములు పారిస్ నగరపు వస్త్రాలంకారముపైఁ దమ ముద్రను వేసినవి. 1924లో ‘లె ట్రెన్ బ్లూ’ కృతికి షనెల్ ఈఁతదుస్తులను, ఆటదుస్తులను సమకూర్చెను. కథ సముద్రతీరవిలాసమే గావున వీథివేషము అచ్చట నౌచిత్యము గలదియే. కాని యట్టి వేషము కృతిని ఆ యేఁటికే కట్టివేయును.

యౌగికపక్షమునకుఁ బరాకాష్ఠ బాలంచిన్. 1946 నాఁటి ‘ది ఫోర్ టెంపరమెంట్స్’ కృతికి సెలిగ్‌మన్ కూర్చిన వేషములు అంగములను గప్పివైచుటచే, 1951లో వానిని విడిచి అభ్యాసవస్త్రములనే నిలిపిరి. ఆయనయే 1934 నాఁటి ‘సెరెనేడ్’ కృతికి 1952లో కరిన్స్కా కుట్టిన దీర్ఘమైన మృదుపావడలను స్వీకరించెను. దీనిచే వస్త్రత్యాగమే సిద్ధాంతము కాదనియు, ప్రతికృతికి యోగము వేఱనియుఁ దెలియుచున్నది.

ఇఁక పునరుద్ధరణవిషయము. 1999లో మరీయిన్స్కీవారు ‘స్లీపింగ్ బ్యూటీ’ కృతిని 1890 నాఁటి వేషములతోఁ బ్రదర్శించిరి. ఆ మూలముననే కథ ప్రాచీనరాజసభకు సంబంధించినదైనను, ప్రధాననర్తకి పావడ మాత్రము 1890 నాఁటి నాట్యరూఢి ననుసరించినది. కావున ‘మూలవేషము’ అన్నంతమాత్రమున నదంతయుఁ గర్తృహృదయము కానేరదు. ప్రాచీనకావ్యమును బరిష్కరించువాఁడు కవిపాఠమును లేఖకుని యలవాటునుండి వేఱుపఱచునట్లు, నృత్యమును బునరుద్ధరించువాఁడును కృతికి ప్రాణమైన వేషమును ఆ కాలపు వేడుకనుండి వేఱుపఱుపవలయును. లా సిల్ఫీడ్ పావడను గత్తిరించినచో వాయుకన్య లేదు. టొన్నెలేను దీసివేసినను నర్తకుఁడు మిగులును. ఈ పరీక్షకు నిలిచినదే రక్షణీయము. తక్కినది చరిత్రకారునకు సామగ్రియే కాని, ప్రయోక్తకు విధి కాదు.