ఊరూరా తెర కట్టినవారు

ఒక దేశం పుట్టుకను ఆ దేశ ప్రజలకే తెరమీద చూపించి, ఆపైన వారిచేతనే మాట్లాడించే సంచార చిత్రప్రదర్శన ఎంత విలువైన పనో బంగ్లాదేశ్ అనుభవం చాటుతుంది. 1971 విముక్తి యుద్ధకాలంలో శరణార్థి శిబిరాల్లోనూ, యోధుల స్థావరాల్లోనూ పాడుతూ తిరిగిన కళాకారుల బృందాన్ని అమెరికన్ దర్శకుడు లియర్ లెవిన్ చిత్రీకరించగా, డబ్బు సమకూరక దాదాపు రెండు దశాబ్దాలు మూలబడిన ఆ ఫిల్మును తారిక్ మసూద్, కేథరిన్ మసూద్ దంపతులు సంపాదించి, ఇతర దృశ్యాలతో కూర్చి, 1995లో ‘ముక్తిర్ గాన్’ (విముక్తి గానం) అనే డాక్యుమెంటరీగా వెలువరించారు.

దానిని పల్లెలకు చేర్చిన ప్రదర్శకుల పనితనం ప్రత్యేకంగా చెప్పుకోదగినది. ఆరుబయట గాలికి తెర ఉబ్బితే బొమ్మ వంకరపోతుంది కనుక గుడ్డను నాలుగు వైపులా బిగించి కట్టాలి. జనరేటరు రొద మాటలను మింగకుండా దానిని దూరంగా పెట్టాలి. తలల నీడ పడకుండా ప్రొజెక్టరును ఎత్తున అమర్చి, చీకటి చిక్కబడేదాకా ఓపిక పట్టాలి.

అయితే అసలు నేర్పు బొమ్మ ఆగిన తరువాతే తెలుస్తుంది. చూసినవారు తమ ఊళ్లలో జరిగిన హత్యలను, స్త్రీలు పడిన హింసను, సామాన్యులు సాగించిన పోరాటాన్ని చెప్పుకొచ్చారు. ఆ మాటలకు చెవియొగ్గి చిత్రీకరించడంవల్లనే మౌఖిక చరిత్రగా, అంటే జ్ఞాపకాలనుంచి నోటిమాటగా సేకరించిన చరిత్రగా, 1999లో ‘ముక్తిర్ కథా’ అనే చిత్రం రూపొందింది. పుస్తకాలకెక్కని పల్లె సాక్ష్యాన్ని వెలికితెచ్చిన ఈ ప్రదర్శకులకు చరిత్రకారుల సరసన పీట వేయడం న్యాయం.