‘కొమురం భీం’ నవల – సరిహద్దుకు ఇవతలి నుంచి

సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన ‘కొమురం భీం’ను సాధారణంగా తెలంగాణ పోరాట సాహిత్యంలో భాగంగా పరిశీలిస్తారు. అది సమంజసమే. అయితే చంద్రపూర్‌లో ఉండి ఈ నవల చదివే తెలుగు విద్యార్థికి మరో ప్రశ్న ఎదురవుతుంది. భీం కోరిన స్వాధికారాన్ని ఏ రాష్ట్రపు ఖాతాలో వేయాలి?

నిజాం ఉద్యోగుల పీడనకు ఎదురు తిరిగిన భీం ఊరు విడిచి వచ్చింది ఈ చాందా ప్రాంతానికే. 1964లో చాందా పేరు చంద్రపూర్‌గా మారింది. ఆనాడు ఇది బ్రిటిష్ పాలనలో ఉంది. నిజాం పోలీసులకు పరాయి భూభాగం. గోండులకు మాత్రం తమ రాజుల పాత రాజధాని. తర్వాత అస్సాం తేయాకు తోటలకు వెళ్లి తిరిగివచ్చిన భీం, జోడేఘాట్ పరిసరాల్లోని పన్నెండు గూడేలపై గోండుల అధికారం కోసం పోరాడి 1940లో పోలీసు కాల్పుల్లో మరణించాడు.

1956లో హైదరాబాద్ రాష్ట్రాన్ని తెలుగు, మరాఠీ, కన్నడ ప్రాంతాలుగా విభజించారు. ఆదిలాబాద్ జిల్లాలోని రాజురా తాలూకా బొంబాయి రాష్ట్రానికి వెళ్లి, 1959లో చాందా జిల్లాలో చేరింది. ఈ విభజనకు ప్రాతిపదిక భాషే. కాని సరిహద్దుకు రెండు వైపులా వినిపించే గోండీకి ఒక రాష్ట్రమూ దక్కలేదు; నేటికీ ఎనిమిదో షెడ్యూలులో చోటు లేదు. గోండీ ద్రావిడ కుటుంబంలో తెలుగుకు దగ్గరి భాష అన్న సంగతి మనం పాఠంగా చదువుకుంటాం గాని, దాని పర్యవసానాన్ని ఆలోచించం.

ఆ గీత ఇంకా స్థిరపడలేదు. జివతి తాలూకాలోని అంతాపూర్, పరందోళి, మహారాజ్‌గూడ మొదలైన పద్నాలుగు గ్రామాలను రెండు రాష్ట్రాలూ తమవిగానే చెప్పుకుంటూ వచ్చాయి. అక్కడివారికి రెండు ఓట్లు, రెండు రేషన్ కార్డులు, రెండు బళ్లు ఉన్నాయి. తెలంగాణ లెక్కలో ఈ గ్రామాలు కెరమెరి మండలానివి. జోడేఘాట్ ఉన్నదీ ఆ మండలంలోనే. భూమిపై హక్కు కోసం భీం ప్రాణమిచ్చిన సీమలో, రెండు ప్రభుత్వాల కార్డులు చేతిలో ఉండి కూడా పట్టాకోసం ఎదురుచూసే రైతులు ఉండడం విచారకరం.

ఈ దృష్టితో చూస్తే నవల గొప్పతనమూ, పరిమితీ రెండూ స్పష్టమవుతాయి. గోండుల తిరుగుబాటును అది తెలుగు పాఠకుడి చరిత్రలో నిలిపింది. అయితే గోండీలో ఆలోచించిన మనిషి మనకు తెలుగులోనే వినబడతాడు. ఇది రచయితల లోపం కాదు. తెలుగు నవలకు తప్పని హద్దు. ఆ హద్దును మరచి భీంను కేవలం తెలుగు వీరుడిగా చెప్పుకోవడం మాత్రం పాఠకుల లోపమే. 2016లో ఒక జిల్లాకు ఆయన పేరు పెట్టుకున్నాం. ఆయన భాష మాత్రం మన పాఠ్యాంశాల్లోకి రాలేదు.

పరాయి రాష్ట్రంలో తెలుగు చదువుకోవడానికి పడే అవస్థ ఇక్కడి విద్యార్థులకు స్వానుభవం. సొంత గడ్డపైనే ఆ అవస్థ పడుతున్న గోండు సహపాఠిని పక్కన కూర్చోబెట్టుకుని ఈ నవలను మళ్లీ చదవాలి.