నలభై బైట్లలో ఇబ్రహీంపట్నం

నెట్‌వర్క్ ఫైల్ సర్వర్‌లో ఒక ఫైల్‌కు తెలుగులో ‘ఇబ్రహీంపట్నం’ అని పేరు పెడితే, ఆ పేరు క్లయింట్ నుంచి సర్వర్‌కు 40 బైట్లుగా వెళ్తుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో పెడితే 20 బైట్లు చాలు. ఈ లెక్కల వెనక 1980ల నాటి నిర్ణయాలూ ఉన్నాయి. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల శేరిగూడలోనో మంగళ్‌పల్లిలోనో ఇంజనీరింగ్ చదివి, ఆదిబట్లలోనో ఇంకా దూరానో కోడ్ రాయబోయేవాళ్లు వాటిని తెలుసుకుని తీరాలి. ప్రొటోకాల్ కోడ్‌లో ఒకచోట మిగిల్చుకున్నది మరోచోట చెల్లించాల్సి వస్తుంది.

సన్ మైక్రోసిస్టమ్స్ 1984లో నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ (ఎన్‌ఎఫ్‌ఎస్)ను తెచ్చింది. వేరే మిషన్‌లో ఉన్న ఫైల్‌ను సొంత డిస్క్‌లో ఉన్నట్టే వాడుకోనివ్వడం దాని పని. ఒక్కో మిషన్ అంకెలను ఒక్కో తీరుగా దాచుకుంటుంది కనుక, అన్నిటికీ ఉమ్మడి రూపంగా ఎక్స్‌డీఆర్ వచ్చింది. 1987లో ఆర్‌ఎఫ్‌సీ 1014 అనే ప్రమాణ పత్రంగా వెలువడింది. అందులో ప్రతి అంశం నాలుగు బైట్ల గుణిజంలో ఉండాలి. అవును, కాదు అనే సమాధానానికీ నాలుగు బైట్లే. పేరు పంపాలంటే ముందు నాలుగు బైట్లలో పొడవు, తర్వాత పేరు, చివర నాలుగుకు సరిపడేలా సున్నాలు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు. ‘ఇబ్రహీంపట్నం’లో గుణింతాలు, అనుస్వారాలు, పొల్లులతో కలిపి 12 గుర్తులున్నాయి, అంటే 36 బైట్లు, పొడవుతో కలిపి 40. ఇంగ్లిష్‌లో 13 అక్షరాలు, మూడు సున్నాలు, పొడవు కలిపి 20. ఇది మొదటి బేరం: కొన్ని బైట్లు వృథా అయినా ప్రతి అంశం సరైన హద్దు మీద మొదలవుతుంది, కోడ్ సులువవుతుంది.

బైట్ల వరుస రెండో బేరం. ఎక్స్‌డీఆర్‌లో పెద్ద విలువ గల బైట్ ముందుంటుంది. ఇంటెల్ ప్రాసెసర్లలో అది చివర ఉంటుంది. రెండు ఇంటెల్ మిషన్లు మాట్లాడుకుంటే పంపే మిషన్ తిప్పుతుంది, అందుకున్న మిషన్ మళ్లీ తిప్పుతుంది. ఒక మిషన్ మరో మిషన్‌లోని ఫంక్షన్‌ను పిలిచే ఆర్‌పీసీ వ్యవస్థల్లో డీసీఈ ఆర్‌పీసీ ఒకటి; అందులోని ఎన్‌డీఆర్ పద్ధతి వేరు: పంపే మిషన్ తన వరుసలోనే పంపి, అది ఏ వరుసో చెబుతుంది; అందుకున్నది అవసరమైతేనే తిప్పుకుంటుంది. పని తగ్గుతుంది కానీ డీకోడర్‌లో రెండు దారులు ఏర్పడతాయి, అరుదుగా నడిచే దారిలో తప్పులు దాక్కుంటాయి. ఇక్కడ ఎక్స్‌డీఆర్ దారే మేలు. బైట్లు తిప్పడం ఈనాటి ప్రాసెసర్‌కు ఒక్క ఆదేశంతో అయ్యే పని.

పేర్లలో మరో చిక్కుంది. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ, ఎత్వం కింద మరో గుర్తు చేర్చి రెండుగానూ రాయవచ్చు. దాంతో ‘హైదరాబాద్’ 27 బైట్లు కావచ్చు, 30 కావచ్చు. చూపుకు రెండూ ఒకటే. బైట్లనే పోల్చే సర్వర్‌కు రెండు వేర్వేరు ఫైళ్లు. రెంటినీ ఒకే రూపానికి తేవాలంటే సర్వర్ పెద్ద పట్టికలు మోయాలి, వాడుకరి ఇచ్చిన బైట్లను మార్చాలి. అందుకే చాలా సర్వర్లు వచ్చిన బైట్లను వచ్చినట్టే దాచుకుంటాయి.

కోడ్ రాసేవాళ్లకు అసలు పరీక్ష పొడవు దగ్గరే. ఎన్‌ఎఫ్‌ఎస్ మూడో వెర్షన్‌లో ఫైల్ వివరాలు ఎప్పుడూ 84 బైట్లే. అంత చోటు ఒక్కసారి తీసుకుని, హద్దు ఒక్కసారి చూసుకుని వరుసగా నింపేయవచ్చు. అక్కరలేని వివరాలూ వెళ్లిపోవడం అందులోని నష్టం. నాలుగో వెర్షన్‌లో క్లయింట్ ఏ వివరాలు కావాలో బిట్ల పట్టికతో అడుగుతుంది. జవాబులో పొడవు ముందుండాలి, కానీ అన్నీ నింపితేగానీ అదెంతో తెలియదు. కనుక చిట్టాలో మొత్తం గడి ఖాళీగా వదిలి, పద్దులన్నీ రాశాక వెనక్కి వచ్చి నింపినట్టు, కోడ్ నాలుగు బైట్లు వదిలి ముందుకు పోతుంది. అడిగినదే వెళ్తుంది, బదులుగా ప్రతి వివరానికీ హద్దు చూడాలి.

ఆ హద్దు చూడటంలో పొదుపు చేయకూడదు. నెట్‌వర్క్ నుంచి వచ్చిన పొడవు ఎవరో చెప్పిన మాట మాత్రమే. 2002లో, ఎన్‌ఎఫ్‌ఎస్ ఆధారపడే సన్ ఆర్‌పీసీ లైబ్రరీలో శ్రేణిని డీకోడ్ చేసే ఫంక్షన్‌లో, అంశాల సంఖ్యను పరిమాణంతో గుణించేటప్పుడు అంకె పొంగిపోయే లోపం బయటపడింది. 2017లో లైనక్స్ ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్‌లో రెండు, మూడు వెర్షన్ల డీకోడర్లు బఫర్ చివరను సరిగా చూడటం లేదని తేలింది. ఆ తర్వాతి ఏళ్లలో ఆ కోడ్‌ను, ప్రతి అడుగులో హద్దు చూసే పద్ధతికి మార్చారు.

ఈ కోడ్‌ను చేత్తో రాయాలా, పరికరంతో పుట్టించాలా అన్నది చివరి ప్రశ్న. సన్ ఇచ్చిన ఆర్‌పీసీజెన్, ప్రొటోకాల్ వర్ణన నుంచే సి కోడ్ పుట్టిస్తుంది. చేతి పొరపాట్లు తగ్గుతాయి. అయితే ప్రతి అంశానికీ ఒక ఫంక్షన్ పిలుపు ఖర్చవుతుంది. వేగం కోసం లైనక్స్ కెర్నెల్‌లో చేతిరాతే సాగింది. 2024 నవంబరులో వచ్చిన 6.12 కెర్నెల్‌లో, కొత్త సదుపాయాలను నమూనాగా కట్టి చూడటానికి ఎక్స్‌డీఆర్‌జెన్ అనే పైథాన్ పరికరం చేరింది. మామూలు అంశాలను పరికరానికి వదిలి, చదవడం, రాయడం వంటి పెద్ద డేటా దారులను మాత్రం చేత్తో రాయడం సబబైన పంపకం. అప్పుడు ప్రతి ఫంక్షన్‌నూ ఆర్‌ఎఫ్‌సీతో పోల్చి వరుసవారీగా సరిచూడవచ్చు. వేగాన్ని తర్వాతైనా కొలిచి పెంచుకోవచ్చు. మొదట్లో వదిలేసిన హద్దు తనిఖీని మాత్రం దాడి జరిగేదాకా ఎవరూ గమనించకపోవచ్చు.