పూలదండ మోసేవాళ్లు

అమరావతి శిల్పాలను చూసి పెన్సిలుతో గీసుకోవడం నాకు చాలాకాలంగా అలవాటు. ఎక్కువగా గీసేది పూలదండ. అక్కడి బౌద్ధ స్తూపం చుట్టూ ఒకప్పుడున్న ప్రాకారంలో పైవరస రాళ్ల మీద, లావుపాటి దండను కుర్రాళ్లు వరసగా మోసుకుపోతుంటారు. మనిషి దగ్గర పైకి లేస్తుంది, మనిషికీ మనిషికీ నడుమ కిందికి జారుతుంది. ఆ వంపు చేతికి అలవాటయ్యేదాకా గీస్తేగాని తెలియదు, ఆ దండకెంత బరువుందో. స్తూపానికి భక్తులు వేసే దండ అది. అసలు పూలు సాయంత్రానికి వాడిపోతాయి. ఈ రాతిపూలు పద్ధెనిమిది వందల ఏళ్లకు పైగా పూజ చేస్తూనే ఉన్నాయి.

యూరప్‌లో బరోక్ కాలపు అచ్చుబొమ్మల్లోనూ దండలు మోసే పసివాళ్లు కనిపిస్తారు. రాగిరేకు మీద గీత చెక్కి, సిరా నింపి, తడి కాగితం మీద అద్దిన నమూనాలవి. కంసాలులు, వడ్రంగులు, చర్చి గోడలు తీర్చేవాళ్లు వాటిని ముందు పెట్టుకుని పనిచేశారు. 18వ శతాబ్దంలో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ నగరంలో క్లౌబర్ సోదరులు భక్తి చిత్రాలకు ఇలాంటి అల్లికలతోనే చట్రాలు కట్టారు. ఆ కాలపు కథోలిక చిత్రాల్లో గోధుమ కంకి క్రీస్తు దేహం, ద్రాక్షగుత్తి ఆయన రక్తం. మన ఫిరంగిపురం చర్చిలో పూజకు వెళ్లేవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

మన దండ కాగితం మీదికి ఎక్కింది మాత్రం శిథిలాల మధ్య. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతి పట్టణం కట్టిస్తున్న రోజుల్లో స్తూపం దిబ్బను తవ్వితే చెక్కిన రాళ్లు బయటపడ్డాయి. 1798లో బ్రిటిష్ అధికారి కొలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో మళ్లీ వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు తవ్వి ఉంది. మిగిలినవాటిని తన చిత్రకారులతో గీయించాడు. చాలా రాళ్లు సున్నపు బట్టీల పాలయ్యాయి. పోయినవాటిలో కొన్నిటికి ఇప్పుడా బొమ్మలే దిక్కు. ఆ దండలోని పూలను అంత ఓపికగా గీసినవాళ్లంటే నాకు గొప్ప గౌరవం.

1868లో వాస్తు చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గుసన్ లండన్‌లో ఈ శిల్పాలను అచ్చు వేయించి, ఆ పుస్తకానికి చెట్టు, పాము ఆరాధనల పేరే పెట్టాడు. చెట్టు కింది ఖాళీ ఆసనం, పాదముద్రలు, చక్రం బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపకుండా చూపే గుర్తులు. ఫెర్గుసన్ మాత్రం ఈ శిల్పాల్లో చెట్టు, పాము పూజలనే పెద్దగా చూశాడు. బొమ్మ అచ్చులో చక్కగా దిగింది, అర్థమే సరిగా దిగలేదు.

గుంటూరు, ప్రకాశం జిల్లాల డ్రాయింగ్ మాస్టార్లకు నాదొక మనవి. ఈ ఏడాది పిల్లల్ని అమరావతి తీసుకెళ్లి స్తూప ప్రాకారపు స్తంభాల మీది పద్మాన్ని గీయించండి. బురదలో పుట్టినా బురదంటని ఆ పువ్వు అక్కడికి ఎందుకొచ్చిందో, వాళ్లు గీస్తుండగానే చెప్పండి.