నీటి సదస్సులో అడగని ప్రశ్నలు

నీటి సమస్యను వివిధ శాస్త్రాల దృష్టితో పరిశీలించాలన్న సంకల్పంతో ఒక విశ్వవిద్యాలయం నిర్వహించిన రెండు రోజుల సదస్సులో మేము పాల్గొన్నాము. ఇంజనీర్లు, భూగర్భ శాస్త్రజ్ఞులు, ఆర్థికవేత్తలు, చరిత్రకారులు, సాహిత్యాచార్యులు ఒకే వేదికనెక్కడం అరుదు. ఆ ప్రయత్నాన్ని అభినందిస్తూనే, అది ఎక్కడ కుంటుపడిందో మన విద్యార్థులకు చెప్పవలసి ఉంది.

మొదటి రోజంతా లెక్కలు: వర్షపాతం, భూగర్భ జలమట్టం, పూడిక. సాహిత్యానికి దక్కింది రెండవ రోజు భోజనానంతర సమావేశం. అప్పటికి ఇంజనీర్లలో సగం మంది రైళ్లకు వెళ్లిపోయారు. మిగిలినవారికి ప్రబంధాలలోని నదీవర్ణనలు వినిపించారు. ఒక శాస్త్రం వారి పత్రం మీద మరొక శాస్త్రం వారు ప్రశ్న వేయలేదు. అందరూ ఒకే పందిట్లో కూర్చున్నారు. ఎవరి భోజనం వారు తిని లేచారు.

చరిత్ర విభాగంలో పోరుమామిళ్ల శాసనం ప్రస్తావనకు వచ్చింది. కడప సీమలోని ఆ చెరువును మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించాడు. శాసనం 1369 నాటిది. పత్రకర్త దానిని రాజుల దానధర్మాల పద్దులో చేర్చి ముగించారు. కాని ఆ సంస్కృత శాసనంలో మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, చెరువుకు ఉండకూడని ఆరు దోషాలు ఉన్నాయి. కట్టలోంచి నీరు ఊరడం ఒక దోషం. ఉప్పునేల ఒక దోషం. చెరువు నడుమ మెరక ఒక దోషం. నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై నేల చాలకపోవడం మరి రెండు. రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం కూడా దోషమే. కట్టుబడి, మట్టి, వ్యవసాయం, రాజకీయం ఒకే జాబితాలో ఇమిడాయి. మనం రెండు రోజుల్లో చేయలేని పని ఒక రాయి మీద ఉంది. దానిని ఇంజనీర్లకు చదివి వినిపించినవారు లేరు.

ఈ విమర్శ నుండి మమ్మల్ని మేము మినహాయించుకోలేము. మా పత్రం చెరువు మాటల మీద. తెలుగు తూము, కన్నడ తూబు, తమిళ తూంబు ఒకే మూలానివని చూపాము. నీరు పొర్లే చోటును కోస్తాలో అలుగు, తెలంగాణలో మత్తడి, కన్నడంలో కోడి అంటారని చెప్పాము. పంట మడులకు నీరు పంచే నీరుగంటి పేరు రాయలసీమలోనూ కోలారులోనూ ఒక్కటేనని, రాష్ట్రాల సరిహద్దు ఈ మాటను తెంచలేదని వివరించి కూర్చున్నాము. అప్పుడు కోలారు వైపు నుండి వచ్చిన ఒక విద్యార్థిని లేచి, "మా ఊరి చెరువు ఇప్పుడు నిండింది సార్. అయితే తూము తియ్యకూడదంట. అప్పుడింక దాన్ని తూమనే అనాలా?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు.

ఆమె అడిగినది పెద్ద ప్రశ్న. బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి కోలారు చెరువులకు పంపే కోరమంగల–చల్లఘట్ట పథకం 2018లో మొదలైంది. రోజుకు 44 కోట్ల లీటర్లు, 126 చెరువులు దాని లక్ష్యం. ఆ నీరు భూగర్భ జలాన్ని పెంచడానికే గాని నేరుగా పొలాలకు పారించడానికి కాదన్నది నియమం. జలశాస్త్రం లెక్కలో అది నిండిన చెరువు. తూము తీసే నీరుగంటి లెక్కలో పని లేని చెరువు. ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టడమే అటువంటి సదస్సు చేయవలసిన పని.

మరొక మాట కూడా విచారణ లేకుండా చెల్లిపోయింది. చెరువు ఊరి ఉమ్మడి సొత్తు అని వక్తలు పదేపదే అన్నారు. ఉమ్మడి ఎవరికి? మహాడులోని చవదార్ చెరువు నీరు తాగడానికి 1927 మార్చి 20న అంబేద్కర్ వేలాది మందిని వెంటబెట్టుకొని నడవవలసి వచ్చింది. ఆ హక్కును బొంబాయి హైకోర్టు నిలబెట్టేసరికి 1937 వచ్చింది. చాలా ఊళ్లలో నీరుగంటి పని దళిత కుటుంబాలదే. మడికి నీరు పెట్టే చేతికి ఊరి మంచినీళ్ల బావి చేద అందలేదు. పాత చెరువు వ్యవస్థను పొగిడే సాహిత్యకారులు, దానిని పునరుద్ధరించాలనే ఇంజనీర్లు ఇద్దరూ ఈ సంగతిని దాటవేశారు.

మళ్లీ ఇటువంటి సదస్సు జరిగితే శాస్త్రానికొక గది కేటాయించకుండా, ఒక చెరువును ఎంచుకొని అందరూ దాని కట్ట మీదనే కూర్చోవాలని మా సూచన. నీరుగంటిని కూడా పిలవాలి; మొదటి మాట ఆయనదే కావాలి.

రెండు మూడు భాషల మధ్య పెరిగిన మన విద్యార్థులకు ఇందులో ప్రత్యేకమైన పని ఉంది. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ ఊరి చెరువు మాటలు రాసుకోండి. ప్రతి మాట పక్కన మరి రెండు సంగతులు రాయండి: ఆ పని ఎవరు చేసేవారు, ఇప్పుడు చేస్తున్నారా. మా పత్రంలో లేనివి ఆ రెండే.